ఊరి వార్తను చిన్నదిగా చూడవద్దు

(మా పత్రిక పాఠకులు, గ్రామీణ విలేఖరులు, మసీదు కమిటీల ప్రతినిధులు పాల్గొన్న వార్షిక సమావేశంలో సంపాదకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మా పత్రిక ప్రతి సంచికలోనూ రెండు రకాల వార్తలు ఉంటాయి. ముందు పేజీల్లో పార్లమెంటు, సుప్రీంకోర్టు, ఢిల్లీ, లక్నో, పాట్నా. చివరి రెండు పేజీల్లో మన ఊళ్ళ కబుర్లు. ఒకచోట మసీదుకు కొత్త కమిటీ ఎన్నిక, మరొకచోట పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయికి సన్మానం, ఇంకొకచోట ఈద్గా ప్రహరీ కూలిందని ఫిర్యాదు, ఒక ఉచిత వైద్య శిబిరం, ఒక సామూహిక వివాహం. ముందు పేజీలు తయారు చేయడానికి మేము పదిహేను రోజులు కష్టపడతాము. చివరి పేజీలను, దాచకుండా చెబుతున్నాము, ముద్రణకు పంపే రాత్రి నింపుతాము. ఉత్తరం పొడవుగా ఉంటే కత్తిరిస్తాము. ఖాళీ మిగిలితే ఫొటో పెద్దది చేస్తాము. ఇంతకాలం ఇదే మా పద్ధతి. ఈ పద్ధతి తప్పని మాకు తెలియజేసిన ఒక సంఘటనతో ఈ నాలుగు మాటలు ప్రారంభిస్తాము.

మేము కత్తిరించిన ఉత్తరం

2025 ఏప్రిల్ మొదటి వారం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. వక్ఫ్ సవరణ బిల్లుపై లోక్‌సభలో అర్ధరాత్రి దాటేవరకు చర్చ జరిగింది. 288 మంది అనుకూలంగా, 232 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. మరునాడు రాజ్యసభలో 128 మంది అనుకూలంగా, 95 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ఏప్రిల్ 5న రాష్ట్రపతి ఆమోదం లభించింది, 8వ తేదీ నుండి చట్టం అమల్లోకి వచ్చింది. ఆ నెల సంచిక యావత్తూ దానితోనే నిండిపోయింది. ఎవరు ఏమి మాట్లాడారు, ఏ పార్టీ ఎటు నిలబడింది, ఏ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది, అన్నీ వ్రాశాము. ఆ సంచిక బాగుందని చాలామంది పాఠకులు ఫోన్లు చేశారు.

సరిగ్గా అదే వారంలో రాయలసీమలోని ఒక చిన్న పట్టణం నుండి మాకొక ఉత్తరం వచ్చింది. వ్రాసినవారు పదవీ విరమణ చేసిన ఉర్దూ ఉపాధ్యాయులు. తమ ఊరి ఖబరస్తాన్ తూర్పు హద్దు వెంబడి ఎవరో రాళ్ళు పాతుతున్నారని, అడిగితే సరైన సమాధానం లేదని, పత్రికలో వేయవలసిందని కోరారు. ఆ నెల చోటు లేదు. మే నెలలోనూ లేదు. జూన్‌లోనూ లేదు. జూలై సంచికలో నాలుగు పంక్తులు వేశాము. "ఖబరస్తాన్ స్థలం ఆక్రమణకు గురవుతోందని స్థానికులు ఆందోళన వ్యక్తం చేస్తున్నారు. అధికారులు వెంటనే స్పందించాలని కోరుతున్నారు." ఇంచుమించు ఇంతే.

కొన్ని నెలల తర్వాత ఆ ఊరి జమాఅత్ వారు ముగ్గురు మా కార్యాలయానికి వచ్చారు. రాళ్ళు పాతిన చోట అప్పటికే గోడ లేచింది. వారు వకీలును కలిస్తే ఆయన మొదట అడిగిన ప్రశ్న ఇది: ఆక్రమణను మీరు మొదట ఎప్పుడు గమనించారు, అప్పుడేమి చేశారు, దానికి రుజువు ఏది? వారు మా జూలై సంచికను చూపారు. వకీలు సాహెబ్ ఆ నాలుగు పంక్తులూ చదివి పక్కన పెట్టారట. అందులో తేదీ లేదు. సర్వే నంబరు లేదు. ఎన్ని సెంట్లు పోయిందో లేదు. ఏ అధికారికి ఫిర్యాదు చేశారో లేదు.

ఉత్తరం వ్రాసిన మాస్టారు అప్పటికే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆయన కుమారుడు మాతో ఒక్క మాట అన్నారు. "నాన్నగారు సర్వే నంబరు వ్రాశారండీ. పాత గెజిట్ చూసి దింపుకొని మరీ వ్రాశారు. రాళ్ళు పాతిన తేదీ కూడా వేశారు." ఆ ఉత్తరం కోసం మా కార్యాలయంలో రెండు రోజులు వెతికాము. దొరకలేదు. చోటు చాలక మేము కత్తిరించినవి సరిగ్గా ఆ నంబరు, ఆ తేదీ. వ్యవహారం ఇప్పుడు ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఏమవుతుందో తెలియదు. మాస్టారు సమాధి ఆ ఖబరస్తాన్ పడమటి వైపునే ఉంది.

మేము ఆ నెలంతా వక్ఫ్ గురించే వ్రాశాము. కాని వక్ఫ్ మా బల్లమీదికి ఉత్తరం రూపంలో వచ్చి కూర్చుంటే దానిని గుర్తుపట్టలేదు.

ఢిల్లీలో చేసిన చట్టం మన సర్వే నంబరు దగ్గర అమలవుతుంది

ఆ చట్టంలోని ముఖ్యమైన అంశాలు ఒక్కసారి జ్ఞాపకం చేసుకుందాం. ఇంతకు ముందు తరతరాలుగా నమాజుకో, ఖననానికో వాడుతున్న స్థలాన్ని, దస్తావేజు లేకపోయినా, వినియోగం ఆధారంగా వక్ఫ్‌గా గుర్తించేవారు. సవరణతో ఆ మార్గం ఇకముందుకు మూసుకుపోయింది. చట్టం అమల్లోకి రాకముందే నమోదై ఉన్నవి మాత్రం నిలుస్తాయి. అయితే వివాదంలో ఉన్నవాటికి, ప్రభుత్వ భూమి అని చెప్పబడుతున్నవాటికి ఆ రక్షణ లేదు. అంతేకాదు, వక్ఫ్ ఆస్తిని తిరిగి పొందడానికి కాలపరిమితి అడ్డురాదని పాత చట్టంలో ఉన్న 107వ సెక్షన్ తొలగిపోయింది. ఇప్పుడు 1963 నాటి కాలపరిమితి చట్టం వక్ఫ్‌కూ వర్తిస్తుంది. అంటే ఆక్రమణదారుడు పన్నెండేళ్ళు స్థలంలో నిలదొక్కుకుంటే ఆ గడువునే తనకు అనుకూలంగా చూపుకోవచ్చు.

2025 సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది. అయిదేళ్ళుగా ఇస్లాంను ఆచరిస్తున్నవారే వక్ఫ్ చేయాలన్న నిబంధనను నియమావళి రూపొందేవరకు నిలిపింది. ప్రభుత్వ భూమా కాదా అన్నది అధికారి విచారణ స్థాయిలోనే తేల్చి రికార్డులు మార్చే అధికారాన్ని నిలిపింది. ముస్లిమేతర సభ్యుల సంఖ్యకు కేంద్ర కౌన్సిల్‌లో నలుగురు, రాష్ట్ర బోర్డుల్లో ముగ్గురు అన్న పరిమితి విధించింది. కాని నమోదు తప్పనిసరి అన్న నిబంధనను నిలపలేదు. 2025 జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో ఆస్తుల వివరాలు ఎక్కించడానికి ఇచ్చిన ఆరు నెలల గడువును పొడిగించడానికి కూడా డిసెంబర్ 1న న్యాయస్థానం నిరాకరించింది. ఇబ్బంది ఉన్నవారు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చని చెప్పింది.

ఇప్పుడు ఆలోచించండి. పోర్టల్‌లో ఏమి నింపాలి? స్థలం ఎక్కడ, హద్దులు ఏవి, విస్తీర్ణం ఎంత, ఏ గెజిట్‌లో ఏ తేదీన ప్రకటించారు, ముతవల్లీ ఎవరు, ఆదాయం ఎంత. వీటిలో ఒక్కదానికి కూడా ఢిల్లీలో జవాబు దొరకదు. జవాబు మసీదు బీరువాలో ఉంటుంది, తహశీల్దారు కార్యాలయంలో ఉంటుంది, ఊరి పెద్దల జ్ఞాపకంలో ఉంటుంది. ఆ పెద్దలు వెళ్ళిపోతే దానితోపాటే పోతుంది.

కాగితం విలువ తెలియాలంటే హైదరాబాద్ పక్కనున్న మణికొండ జాగీరు వ్యవహారం చూడాలి. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినదని వక్ఫ్ బోర్డు వాదించిన 1,654 ఎకరాల 32 గుంటల భూమి ప్రభుత్వానిదేనని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1989 నాటి మొదటి గెజిట్ ప్రకటనలో ఈ విస్తీర్ణం లేదు. 2006లో సవరణ ప్రకటన పేరిట చేర్చారు. ఆ చేర్పు చెల్లదని న్యాయస్థానం చెప్పింది. జాగీరుల రద్దు మొదలుకొని ఇందులో న్యాయపరమైన చర్చ చాలా ఉంది. దానిలోకి ఇప్పుడు పోవడం లేదు. మనం గ్రహించవలసింది ఒకటే. సకాలంలో, సక్రమంగా వ్రాయవలసినది పదిహేడేళ్ళ తర్వాత వ్రాస్తే అది నిలవడం కష్టం. ఇంత పెద్ద దర్గా విషయంలోనే ఇలా జరిగితే, మన మండల కేంద్రంలోని అరెకరం ఖబరస్తాన్ పరిస్థితి ఏమిటి?

జాబితా, నోటీసు, అరెస్టు

ఒక్క వక్ఫ్ మాత్రమే కాదు. జాతీయ పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చే ప్రతి విషయానికీ మన వీధిలో ఒక చిన్న కాగితం ఉంటుంది.

బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణను తీసుకోండి. 2025 ఆగస్టు 1న ముసాయిదా వెలువడినప్పుడు సుమారు 65 లక్షల పేర్లు కనిపించలేదు. దేశమంతటా గొడవ జరిగింది. ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆ 65 లక్షల పేర్లను, తొలగించడానికి కారణంతో సహా, అందరికీ కనిపించేలా ప్రకటించాలని ఆదేశించింది. ఆ ఆదేశం తర్వాత జరగవలసిన పని ఎవరిది? పోలింగ్ కేంద్రం గోడకు అంటించిన కాగితం దగ్గర నిలబడి, "ఈయన చనిపోలేదు, మా పక్కింట్లోనే ఉన్నాడు" అని చెప్పగలిగినవాడిది. మన రాష్ట్రాల్లో జాబితా సవరణ ఎప్పుడు జరిగినా పద్ధతి ఇదే. కొత్త పేరుకు 6వ నంబరు ఫారం, తొలగింపు కోరడానికి 7వ నంబరు, తప్పుల దిద్దుబాటుకు 8వ నంబరు. పనికోసం బెంగళూరుకో చెన్నైకో వెళ్ళిన కుటుంబం తిరిగి వచ్చేసరికి పేరు ఉండదు. అత్తగారింటికి వెళ్ళిన ఆడపిల్ల పేరు పుట్టింట తీసేస్తారు, మెట్టినింట చేరదు. మీ బూత్‌లో ఇటువంటివి ఎన్ని జరిగాయో లెక్క వ్రాసి పంపితే, అదే మా ముందు పేజీ వార్త.

ఇళ్ళ కూల్చివేతల విషయంలో 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు స్పష్టమైన నిబంధనలు పెట్టింది. నిందితుడి ఇల్లన్న కారణంతో కూల్చడం చట్టవిరుద్ధమని చెప్పింది. కూల్చివేతకు ముందు రిజిస్టర్డ్ పోస్టు ద్వారా నోటీసు పంపాలి, కట్టడం మీద కూడా అంటించాలి, పదిహేను రోజుల గడువు ఇవ్వాలి, మాట్లాడుకునే అవకాశం కల్పించాలి. రోడ్డు, కాలిబాట, రైలు పట్టాల పక్క, నీటి వనరుల వంటి ప్రభుత్వ స్థలాల్లోని కట్టడాలకు ఈ రక్షణ వర్తించదని కూడా చెప్పింది. ఈ తీర్పు గురించి మేము రెండు పేజీలు వ్రాశాము. కాని ఆ పదిహేను రోజులు ఎప్పటి నుండి మొదలవుతాయో తేల్చేది నోటీసు అందిన రోజు. ఆ రోజు నోటీసుకు ఫొటో తీసి, కవరు మీది తపాలా ముద్రతో సహా భద్రపరచి, నలుగురికీ తెలియజేసేవారు మీరే.

ఇక అరెస్టుల విషయం. 2007 మే 18న శుక్రవారం నమాజు సమయంలో హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగింది. పేలుడులోను, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లోను ప్రాణాలు పోయాయి. తర్వాత పాతబస్తీ యువకులను పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. మరుసటి రోజు శీర్షికలు ఎలా ఉన్నాయో ఇక్కడున్న పెద్దలకు గుర్తే. ఆ యువకులు నెలల తరబడి జైలులో ఉన్నారు, చివరికి నిర్దోషులుగా బయటికి వచ్చారు. 2012 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వమే వారికి పరిహారం, సత్ప్రవర్తన పత్రాలు ఇచ్చింది. ఆ పరిహారం కూడా తర్వాత న్యాయస్థానంలో నిలవలేదు. ఇక ఆ పేలుడు కేసులో తర్వాత నిందితులుగా చేర్చినవారిపై విచారణ సాగి, 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం వారిని కూడా నిర్దోషులుగా విడిచిపెట్టింది. చనిపోయినవారి కుటుంబాలకు దోషి ఎవరో నేటికీ తెలియదు.

2020లో కరోనా తొలిరోజుల్లో తబ్లీగీ జమాఅత్ వారి గురించి దేశమంతా ఏమి చదివిందో, ఏమి విన్నదో మళ్ళీ చెప్పనక్కరలేదు. కూరగాయల బండి తోసుకునే సాయిబును కూడా వీధిలోకి రానివ్వని రోజులవి. అదే ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తన ముందున్న కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. 2025 జూలై 17న ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయులపై ఉన్న 16 కేసులను రద్దు చేసింది. నింద వేయడానికి ఒక్క రోజు పట్టింది. అది తొలగడానికి అయిదేళ్ళు పట్టింది. నింద మొదటి పేజీలో వచ్చింది, తొలగింపు లోపలి పేజీలో వచ్చింది.

ఆ రోజుల్లోనే మన ఊళ్ళలో ముస్లిం యువకులు మతభేదం లేకుండా కరోనా మృతుల అంత్యక్రియలు నిర్వహించారు. సొంత బంధువులే దగ్గరికి రాని శవాలను మోశారు. అటువంటి బృందాల గురించి మాకు ఎన్నో ఉత్తరాలు వచ్చాయి. ఆ యువకులు ఎన్ని అంత్యక్రియలు చేశారు, ఏ ఏ తేదీల్లో చేశారు, ఎవరి అనుమతితో చేశారు అన్నది మేము గాని, మీరు గాని ఒక పుస్తకంలో వ్రాసి పెట్టలేదు. నిందకు రికార్డు ఉంది. సేవకు రికార్డు లేదు.

వివరమే వాదాన్ని నిలబెట్టింది

వివరంగా వ్రాసిపెట్టడం వల్ల ఏమి సాధ్యమవుతుందో చెప్పడానికి మన తెలుగు నేలమీదే ఒక ఉదాహరణ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ కల్పించే ప్రయత్నం 2004లో ఒకసారి, 2005లో ఒకసారి జరిగింది. రెండుసార్లూ హైకోర్టు కొట్టివేసింది. ముస్లింలందరినీ ఒకే గంపగుత్తగా చూపడం, వెనుకబాటును సరిగా శోధించకపోవడం పెద్ద లోపాలయ్యాయి. 2007లో పి.ఎస్. కృష్ణన్ గారి నివేదిక వేరే దారి పట్టింది. ఊరూరా ఉన్న వృత్తులను, బృందాలను విడివిడిగా గుర్తించింది. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ముస్లిం చాకళ్ళు, ఫకీరు సాయిబులు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్ళు, హజాములు, లబ్బీలు, ఖురేషీలు, తురక కాశలు. సయ్యదులు, పఠానులు, మొఘలులు, అరబ్బులు వంటి వర్గాలను పక్కన పెట్టింది. ఆ ప్రాతిపదికపైనే బీసీ-ఇ వర్గానికి 4 శాతం చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేసింది. అయినా 2010 మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. ఈ పదిహేనేళ్ళలో ఎందరు పిల్లలు ఇంజనీర్లు, వైద్యులు, ఉపాధ్యాయులు అయ్యారో మీ మీ ఇళ్ళలోనే చూడవచ్చు. మన దూదేకుల, నూర్‌బాషా సోదరులు అంతకు ముందే బీసీ-బిలో ఉన్నారన్నది మీకు తెలిసినదే.

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ "మతం పేరిట రిజర్వేషన్" అన్న శీర్షిక జాతీయ వార్తల్లో తిరుగుతుంది. దానికి ఆవేశంతో కూడిన వ్యాసం సమాధానం కాదు. రాళ్ళు కొట్టే తురక కాశ కుటుంబం ఎన్నో తరం నుండి ఆ పని చేస్తోంది, ఆ ఇంట్లో మొదటిసారి పదవ తరగతి దాటినవారు ఎవరు, ఎప్పుడు అన్నదే సమాధానం. 2006లో సచార్ కమిటీ నివేదికకు అంత బలం వచ్చింది కూడా అందుకే. 2001 జనాభా లెక్కల ప్రకారం జాతీయ అక్షరాస్యత 65.1 శాతమైతే ముస్లింలలో 59.1 శాతం అని అది లెక్క చూపింది. బ్యాంకు రుణం మొదలు ఉద్యోగం దాకా అంకెలతో మాట్లాడింది. బుజ్జగింపు అన్న మాట అంతవరకు ఎంత గట్టిగా వినిపించినా, ఆ అంకెల ముందు నిలబడలేకపోయింది.

మనకు నచ్చని వార్తలు

ఇప్పుడు కొంచెం చేదు మాట. మీలో కొందరికి కోపం రావచ్చు.

మాకు వచ్చే ఊరి వార్తల్లో పది తొమ్మిది పాళ్ళు సన్మానాలు, ప్రారంభోత్సవాలు, శాలువాలు. రానివి ఏవి? మసీదు దుకాణానికి బజారులో వేలల్లో అద్దె పలుకుతుంటే, కమిటీవారి బంధువు నెలకు వందల్లో కడుతున్న సంగతి మాకు ఎవరూ వ్రాయరు. ఏళ్ళ తరబడి లెక్కలు చదవని జమాఅత్ గురించి వ్రాయరు. ఇమామ్, మౌజన్‌ల గౌరవ వేతనం ఎన్ని నెలలు ఆగిందో వ్రాయరు. ఎనిమిదో తరగతితో చదువు మానిపించిన ఆడపిల్లల గురించి, నికాహ్ పందిరి వెనుక జరిగే జోడే కీ రఖమ్ బేరాల గురించి వ్రాయరు. 2022-23 నుండి కేంద్రం ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లల ప్రీ-మెట్రిక్ ఉపకారవేతనాన్ని ఆపివేసింది, మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఆపివేసింది. దానిని మేము ఖండించాము, ఖండించవలసిందే. కాని ఆ డబ్బు ఆగిన తర్వాత మన మొహల్లాలో ఎందరు పిల్లలు బడి మానారో ఏ ఒక్క ఊరి నుండీ మాకు లెక్క రాలేదు.

మన లోపాలు మనమే వ్రాసుకుంటే పరాయివారికి ఆయుధం ఇచ్చినట్లు కాదా అని అడుగుతారు. ఆ భయం మాకు అర్థమవుతుంది. వక్ఫ్ ఆస్తుల్లో అక్రమాలు ఉన్నాయన్న మాటతోనే కదా ఈ సవరణ చట్టాన్ని సమర్థించారు! కాని ఆ అక్రమాలను ముందుగా మనమే బయటపెట్టి, మనమే దిద్దుకొని ఉంటే ఆ మాటకు అంత బలం ఉండేదా? 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను దారికాచి చంపారు. రజాకార్ల దౌర్జన్యాన్ని వ్యతిరేకిస్తూ, భారతదేశంలో విలీనం కావాలని ఆయన వ్రాసినందుకే చంపారు. ఆయన ముస్లిం. తన ఊళ్ళో, తన కళ్ళముందు, తనవారు అనుకున్నవారు చేస్తున్న అన్యాయాన్ని వ్రాసిన మనిషి. ఈనాడు మన సమాజం ఆ పేరును గర్వంగా తలచుకుంటుంది. ఆయనంత సాహసం మనకు అవసరం లేదు. దుకాణం అద్దె ఎంతో వ్రాయగలిగితే చాలు.

అలాగే మంచి వార్త అంటే సన్మానం ఒక్కటే కాదు. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో రొట్టె మార్చుకునేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు. ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి మన ఆడపడుచులు బెల్లం, పూలు తీసుకొని వెళతారు. పీర్ల పండుగ వస్తే గ్రామాల్లో పీరును ఎత్తుకునేది చాలాచోట్ల హిందూ సోదరులే. వీటి ధార్మిక మంచిచెడ్డలపై మనలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, ఉంటాయి. కాని ఇరుగుపొరుగు ఎలా బ్రతుకుతున్నారన్నది నిజం. పక్క ఊళ్ళో గొడవ జరిగిందని ఫోన్లలో పుకారు పుట్టిన రాత్రి, రెండు వైపుల పెద్దలు మసీదు అరుగు మీద కూర్చొని యువకులను ఇళ్ళకు పంపిన సంగతి ఏ పత్రికలోనూ రాదు. గొడవ జరగలేదు కాబట్టి వార్త కాదట! మా దృష్టిలో అది వార్త.

ఎలా వ్రాయాలి?

ఆ రాయలసీమ పట్టణం జమాఅత్ వారు వెళ్ళిన తర్వాత మేము కూర్చొని కొన్ని నిర్ణయాలు తీసుకున్నాము. వాటిని మీ ముందు ఉంచుతున్నాము.

మొదటిది, తేదీ. "ఇటీవల", "కొంతకాలంగా" అన్న మాటలు వద్దు. ఏ రోజు చూశారో ఆ రోజు వ్రాయండి.

రెండవది, స్థలం. ఆస్తి విషయమైతే సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, గెజిట్ తేదీ. ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ నకలు సంపాదించండి. రెవెన్యూ రికార్డులో మన ఖబరస్తాన్ ఏ పేరుతో ఉందో, శ్మశాన పోరంబోకు అని ఉందా, వక్ఫ్ అని ఉందా చూడండి. రిజిస్ట్రేషన్ నిషేధ జాబితా అయిన 22-ఎలో ఉందో లేదో చూడండి.

మూడవది, కాగితం. ఫిర్యాదు ఎవరికి ఇచ్చారు, రసీదు ఉందా? జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఆ దరఖాస్తు నకలు మాకు పంపండి.

నాలుగవది, రెండో పక్షం మాట. ఎవరి మీద ఆరోపణ చేస్తున్నామో వారిని అడగండి. వారు చెప్పింది కూడా వ్రాయండి. చెప్పడానికి నిరాకరిస్తే ఆ సంగతి వ్రాయండి. ఇది వారికి చేసే ఉపకారం కాదు. రేపు మన వార్తను అబద్ధమనడానికి వీలు లేకుండా చేసుకోవడం.

అయిదవది, గౌరవం. కుటుంబ వివాదంలో ఉన్న ఆడబిడ్డ పేరు, అరెస్టయిన పిల్లవాడి ఫొటో పంపవద్దు. పెద్ద పత్రికలు మన పిల్లలకు చేసినది మనం చేయకూడదు.

ఆరవది, వచ్చిన ప్రతి సందేశాన్నీ పదిమందికి పంపే అలవాటు మానండి. అజాన్‌కు, ఇఖామత్‌కు మధ్య ఉన్నంత సేపైనా ఆగి, ఇది నిజమా అని ఒకరికి ఫోన్ చేసి కనుక్కోండి. ఎవరో ఒకరు వార్త తెస్తే విచారించి నిర్ధారించుకోండి అన్న ఆదేశం మనకు కొత్తది కాదు.

చివరిది, ఆఖరిదాకా అనుసరించడం. ఫిర్యాదు ఇచ్చిన రోజు వార్త వ్రాసి ఊరుకోవద్దు. సర్వేయరు వచ్చాడా, కేసు వాయిదా ఎప్పుడు, చివరికి ఏమైంది?

మా వైపు నుండి మేము మాట ఇస్తున్నాము. మీ ఉత్తరంలోని తేదీని, నంబరును ఇక కత్తిరించము. అవసరమైతే మా సంపాదకీయాన్ని కత్తిరిస్తాము. వచ్చిన ప్రతి ఉత్తరాన్ని ఊరివారీగా, తేదీవారీగా భద్రపరుస్తాము. దాని నకలు ఏ జమాఅత్ అడిగినా, ఏ న్యాయవాది అడిగినా ఇస్తాము. ఆస్తి, ఓటు, నోటీసు, అరెస్టు, చదువు ఈ అయిదింటిలో ప్రచురించిన ప్రతి వార్తనూ ఏడాది తర్వాత తిరిగి తీసి ఏమైందో వ్రాస్తాము. పార్లమెంటు వార్తలు, సుప్రీంకోర్టు వార్తలు వ్రాయడం మానము. కాని వాటి పక్కనే మన ఊళ్ళో దాని పర్యవసానం ఏమిటో వ్రాస్తాము. అది లేకపోతే ఆ వార్త సగమే అని భావిస్తాము.

మీ నుండి ఒక్కటే కోరుతున్నాము. ఈ సమావేశం నుండి ఇంటికి వెళ్ళిన తర్వాత, వచ్చే జుమాలోగా, మీ ఊరి ఖబరస్తాన్ దగ్గరకు ఒకసారి వెళ్ళండి. వయసు పైబడిన ఒకరిద్దరిని, చదువుకున్న ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని వెంట తీసుకువెళ్ళండి. నాలుగు హద్దులూ నడవండి. ఏ మూల ఏ చెట్టు ఉందో, ఏ వైపు ఎవరి పొలం ఉందో పెద్దలు చెబుతుంటే పిల్లలతో వ్రాయించండి. ఫొటోలు తీయించండి. కింద తేదీ వేసి, సాక్షుల సంతకాలు పెట్టించి, ఒక ప్రతి మసీదులో ఉంచి, ఒక ప్రతి మాకు పంపండి.

అటువంటి కాగితం ఒకటి మాస్టారు మాకు పంపారు. దానిని మేము పోగొట్టాము. ఆయన మగ్‌ఫిరత్ కోసం దుఆ చేస్తూ, మా పొరపాటుకు ఆ ఊరివారిని ఈ సభాముఖంగా క్షమాపణ కోరుతూ ముగిస్తున్నాము.